కలలో మెలకువ ఎవరి విద్య?

కలగంటూనే ఇది కల అని ఎరగడాన్ని ఇప్పుడు లూసిడ్ డ్రీమింగ్ అంటున్నారు. 1913లో ఆ పేరును ప్రచారంలోకి తెచ్చింది డచ్చి వైద్యుడు ఫ్రెడెరిక్ వాన్ ఈడెన్. ఇదంతా మన ఉపనిషత్తుల్లో ఎప్పుడో ఉందని మనవాళ్లు అంటూంటారు గానీ, అది సగమే నిజం. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు జనకుడికి కల గురించి చాలా దగ్గరగా చెబుతాడు. అక్కడ లేని రథాలను, గుర్రాలను, దారులను పురుషుడే కల్పించుకుంటాడు. నిద్రపోతున్నవాణ్ణి ఉన్నపళంగా లేపకూడదని, లేపితే కుదిర్చే వైద్యం కష్టమని ఆనాటి జనం అనుకునే మాట కూడా అక్కడే ఉంది. ఇంత గమనించినా, కలగంటున్నవాడికి ఆ సంగతి తెలియాలని మాత్రం ఆయన అడగడు. సూర్యుడు, చంద్రుడు, నిప్పు, మాట ఏవీ లేనప్పుడు మనిషికి వెలుగేది అన్నదే ఆయన ప్రశ్న, దానికి కల ఒక సాక్ష్యం. మాండూక్యోపనిషత్తుకు కారికలు రాసిన గౌడపాదుడైతే కలను మెలకువ మీదికే ఎక్కుపెట్టాడు: అదెంత మిథ్యో ఇదీ అంతే. అలా వేదాంతంలో కల వాదానికి పనికొచ్చింది, సాధనకు కాదు.

మరి స్వప్నజ్ఞానాన్ని ధ్యానానికి ఆలంబనగా చేసుకోవచ్చని యోగసూత్రాల్లో పతంజలి అన్నాడు కదా? అన్నాడు. కానీ వ్యాఖ్యాత వాచస్పతి మిశ్రుడి వివరణ చూస్తే, కలలో ఏకాంత వనంలో దర్శనమిచ్చిన మహేశ్వరమూర్తిని లేచాక తలచుకుని ధ్యానించడమే అది. కలలోపలి మెలకువను సాధనగా పట్టుకున్నది కాశ్మీర శైవులు. సుమారు 9వ శతాబ్దపు స్పందకారికలు ఎరుక తప్పనివాడికి కలలోనూ కోరిన విషయం వ్యక్తమవుతుందని, తప్పినవాడికి మామూలు జనానికిలాగే కల తన ఇష్టానికి నడుస్తుందని తేల్చి చెబుతాయి. వాళ్లు చెప్పే తురీయం, అంటే నాలుగో స్థితి, ఉపనిషత్తుల నుంచి వచ్చిందేగా అంటే, పేరు వరకు ఒప్పుకోవాల్సిందే. మాండూక్యంలో అది మెలకువ, కల, గాఢనిద్ర అనే మూడు అవస్థలకూ అతీతం. ఈ శైవుల శివసూత్రాలేమో దాన్ని ఆ మూడింటిలోనూ నూనెలా పొయ్యమంటాయి. పని మారింది.

తెలుగులోకి మడికి సింగన 15వ శతాబ్దంలో తెచ్చిన యోగవాసిష్ఠం పుట్టిందీ కాశ్మీరంలోనే అంటారు పండితులు. అయినా అది పట్టిన దారి గౌడపాదుడిదే. అందులో లవణ మహారాజు సింహాసనం మీద కూర్చునే, కొద్దిసేపట్లోనే ఒక చండాలుడి బతుకంతా బతికేస్తాడు. కళ్లు తెరిచేదాకా అది ఇంద్రజాలమని ఎరగడు. తీరా వెతుక్కుంటూ వెళితే తాను చండాలుడిగా బతికిన పల్లె నిజంగానే ఉంటుంది.