చీకటి గది నుంచి పట్టా దాకా: రేడియాలజిక్ టెక్నాలజీ చదువు చరిత్ర

వైద్యశాలల్లో కనిపించే వృత్తులు చాలావరకు శతాబ్దాల అనుభవం మీద నిలిచినవి. మంత్రసాని, గాయాలకు కట్లు కట్టేవాడు, మందులు నూరేవాడు ఆసుపత్రి అనే వ్యవస్థ రాకముందే ఊళ్లలో ఉన్నారు. ఎక్స్‌రే తీసే వృత్తికి అటువంటి పూర్వరంగం ఏదీ లేదు. 1895 నవంబర్ 8న జర్మనీలోని వూర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ కొత్త కిరణాలను గుర్తించి, డిసెంబర్ 28న తన నివేదికను సమర్పించిన కొద్ది వారాలకే ఆ కిరణాలతో ఎముకలను చూడటం అనేక దేశాల్లో మొదలైంది. యంత్రం వచ్చింది గాని దానిని నడపవలసినవాడు ఎవరు, వాడు ఏమి చదివి ఉండాలి అన్న ప్రశ్న అప్పటికి ఎవరికీ తోచలేదు. ఫొటోగ్రాఫర్లు, విద్యుత్ పనివారు, భౌతికశాస్త్రం బోధించే ఉపాధ్యాయులు, వైద్యుల దగ్గర సహాయకులుగా ఉన్నవారు, ఎవరి చేతికి ఎక్స్‌రే గొట్టం దొరికితే వారే నిపుణులుగా చెలామణి అయ్యారు.

ఆనాటి గొట్టాల్లో కొద్దిపాటి వాయువు మిగిలి ఉండేది, వాడకంలో దాని పీడనం మారుతూ ఉండటం వల్ల కిరణాల బలం ఒక పూట ఉన్నట్టు మరో పూట ఉండేది కాదు. గొట్టం పని చేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి చాలామంది దాని ముందు తమ చేతినే పెట్టి, కిరణాలు తగిలితే వెలిగే తెర మీద తమ ఎముకలు ఎంత స్పష్టంగా కనిపిస్తున్నాయో చూసుకునేవారు. రోజూ చేసిన ఈ పరీక్షకు మూల్యం కొన్నేళ్ల తరువాత చర్మం మీద పుండ్లుగా, ఆపై క్యాన్సర్‌గా చెల్లించవలసి వచ్చింది. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ చేతులు కోల్పోయి 1904లో మరణించాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పద్దులు రాసే ఉద్యోగం వదిలి ఎక్స్‌రే ప్రయోగశాల తెరిచిన ఎలిజబెత్ ఫ్లైష్‌మన్, స్పెయిన్‌తో అమెరికా చేసిన యుద్ధంలో గాయపడిన సైనికుల దేహాల్లో తూటాలు ఎక్కడున్నాయో చూపించి పేరు తెచ్చుకున్నది. ఒక చేయి తీసివేసినా ప్రాణం దక్కక 1905లో కన్నుమూసింది. 1936లో హాంబర్గ్ నగరంలో ఒక ఆసుపత్రి ఆవరణలో నిలిపిన స్మారక స్తంభం మీద ఈ కిరణాల వల్ల మరణించినవారి పేర్లు 169 చెక్కారు. నేటి విద్యార్థి చదివే రేడియేషన్ రక్షణ పాఠానికి తొలి ప్రతి ఆ స్తంభమే అనవచ్చు.

పని నేర్పడం సాధ్యం కావాలంటే ముందు ఆ పని ఒకే తీరుగా జరగాలి. 1913లో విలియం కూలిడ్జ్ రూపొందించిన గొట్టం ఈ వెసులుబాటును ఇచ్చింది. అందులో వేడెక్కిన తీగ నుంచి ఎలక్ట్రాన్లు వెలువడతాయి కనుక, వాటి పరిమాణాన్ని నిర్ణయించే విద్యుత్ ప్రవాహాన్ని మిల్లీయాంపియర్లలోను, కిరణాలు దేహంలోకి చొచ్చుకుపోయే శక్తిని నిర్ణయించే విద్యుత్ పీడనాన్ని (వోల్టేజిని) కిలోవోల్టులలోను వేరువేరుగా అమర్చుకోవచ్చు. ఒకచోట కుదిరిన లెక్క మరొకచోట కూడా దాదాపుగా కుదరడం మొదలైంది. అంతవరకు చేతి అలవాటుగా ఉన్నది పట్టికగా, పట్టిక పాఠంగా మారింది. కిలోవోల్టులను సుమారు 15 శాతం పెంచితే ఫిల్ము మీద పడే నలుపు దాదాపు రెట్టింపు అవుతుందనే సూత్రం వంటివి ఆ స్థిరత్వం లేకపోతే పుస్తకంలోకి ఎక్కేవే కావు.

మొదటి ప్రపంచ యుద్ధం ఈ అవసరాన్ని తొందరపెట్టింది. మేరీ క్యూరీ ఎక్స్‌రే పరికరాలను మోటారు బండ్లలో అమర్చి యుద్ధరంగానికి పంపడమే కాక, వాటిని నడపడానికి సుమారు 150 మంది స్త్రీలకు శిక్షణ ఇప్పించింది. విద్యుత్తు, శరీర నిర్మాణం, ఫొటో ప్లేటును కడిగే పద్ధతి ఆ శిక్షణలో కలిసి వచ్చాయి. అమెరికాలో ఈ దిశగా ఎక్కువ కృషి చేసిన వ్యక్తి ఎడ్ జెర్మన్. అతడు వైద్యుడు కాడు; విక్టర్ ఎక్స్‌రే కంపెనీలో 1917 నుంచి శిక్షణ విభాగాన్ని నడిపి, ఊరూరా తిరిగి యంత్రం కొన్న ఆసుపత్రుల్లోని పనివారికి పాఠాలు చెప్పాడు. ఎక్స్‌రే చిత్రం బాగుంది, బాగాలేదు అనే మాటలతో సరిపెట్టుకోకుండా, దాని మంచిచెడ్డలను నాలుగు గుణాలుగా విడదీసి చూడాలని అతడు నేర్పాడు: చిత్రంలో నలుపు ఎంత, నలుపు తెలుపుల మధ్య తేడా ఎంత, అంచుల స్పష్టత ఎంత, ఆకారం ఏ మేరకు వక్రమైంది. అతని పుస్తకం 1928లో వచ్చింది. పేర్లు కొంత మారినా ఆ విభజన నేటి డిగ్రీ పాఠ్యాంశాల్లో కూడా నిలిచి ఉన్నది; ఒక కంపెనీ ఉద్యోగి వేసిన పునాది మీద విశ్వవిద్యాలయాలు గోడ లేపాయని చెప్పుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

జెర్మన్ 1920లో షికాగోలో టెక్నీషియన్ల సంఘం పెట్టించాడు. అదే ఏడాది బ్రిటన్‌లో రేడియోగ్రాఫర్ల సంఘం ఏర్పడింది. 1922లో అమెరికాలో అర్హత పరీక్ష జరిపే రిజిస్ట్రీ మొదలు కాగా, అందులో తొలి ధ్రువపత్రం ఓక్లహోమాకు చెందిన బియాట్రిస్ మెరిగన్ అనే క్రైస్తవ సన్యాసినికి దక్కింది. రోగి పక్కన నిలబడి పనిచేసేవారికి పరీక్ష అవసరమని అప్పటికి ఒప్పుకున్నారు గాని, ఆ పరీక్షకు ముందు కళాశాల చదువు ఉండాలని ఇంకా ఎవరూ పట్టుబట్టలేదు.

ఈ వృత్తిలో ఫిల్మును కడిగే చీకటి గదిది, అంటే డార్క్ రూమ్‌ది, ప్రత్యేక స్థానం. ఎర్రటి మసక దీపం కింద కాసెట్ తెరిచి, ఫిల్మును లోహపు హ్యాంగర్‌కు బిగించి, సుమారు 20 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచిన డెవలపర్‌లో ఐదు నిమిషాల పాటు ముంచి, నీటిలో కడిగి, వెండి లవణాలను కరిగించే హైపోలో వేసి, మళ్లీ కడిగి ఆరబెట్టేవారు. ద్రావణం వేడెక్కితే చిత్రం మసకబారేది, పాతబడితే వెలవెలబోయేది. కనుక మద్రాసు, విజయవాడ వంటి ఊళ్లలో వేసవి వచ్చిందంటే తొట్టెల చుట్టూ మంచు పెట్టుకోవలసి వచ్చేది. తొలినాళ్ల ఫిల్ములకు మరొక ప్రమాదం కూడా ఉండేది. 1929 మే 15న అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో నిల్వ ఉంచిన నైట్రేట్ ఫిల్ములు అంటుకుని విషవాయువు కమ్మడంతో 123 మంది చనిపోయారు. ఆ తరువాత సులభంగా అంటుకోని అసిటేట్ ఫిల్ము వాడకం బలపడింది.

భారతదేశంలో ఈ శిక్షణ సైన్యం నీడలో మొదలైంది. డెహ్రాడూన్‌లోని ఎక్స్‌రే ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన కెప్టెన్ ఎ.ఇ. వాల్టర్ సాధారణ వైద్యుల కోసం 1906లో ఒక చేతిపుస్తకం ప్రచురించాడు. దక్షిణాదిన మద్రాసు జనరల్ ఆసుపత్రి ఆవరణలో కెప్టెన్ టి.డబ్ల్యు. బర్నార్డ్ కృషితో 1934లో ఆయన పేరు మీదనే ఒక రేడియాలజీ సంస్థ ప్రారంభమైంది. 1953 వరకు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు పాలనలో ఉన్నందువల్ల తెలుగు ప్రాంతపు ఎక్స్‌రే విద్యకు కూడా దారి ఆ నగరం మీదుగానే పడింది. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరుతో 1955లో వెలసిన రేడియం ఇన్‌స్టిట్యూట్ రేడియేషన్ చికిత్సకు కేంద్రమైంది. జిల్లా ఆసుపత్రుల్లో మాత్రం దీర్ఘకాలం పని చూసినది సర్టిఫైడ్ రేడియలాజికల్ అసిస్టెంట్ అనే చిన్న కోర్సు చేసినవారు, వారి వెనుక డార్క్ రూమ్ అసిస్టెంట్లు. చీకటి గది మూతపడుతున్న కాలంలో కూడా ఆ ఉద్యోగపు పేరు ప్రభుత్వ నియామక ప్రకటనల్లో కొనసాగడం మన పాలనా యంత్రాంగపు నిదానానికి గుర్తు.

సర్టిఫికెట్ చాలదన్న భావన బలపడటానికి 1971 అక్టోబర్‌లో లండన్‌లో తొలి రోగికి జరిగిన సీటీ పరీక్ష పెద్ద కారణం. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన ఆ యంత్రం తలను అడ్డుకోతలుగా చూపించింది; తరువాత వచ్చిన యంత్రాలు దేహమంతటినీ అలాగే చూపించాయి. ముందు నుంచి చూసిన ఎముకల బొమ్మ మాత్రమే తెలిసినవారికి ఆ అడ్డుకోతలో కాలేయం ఏదో, ప్లీహం ఏదో పోల్చుకోవడం కష్టం. ఆ వెనుకే అయస్కాంత క్షేత్రంతో పనిచేసే ఎమ్మారై వచ్చి భౌతికశాస్త్ర పాఠాన్ని రెట్టింపు చేసింది. బ్రిటన్ 1990ల నాటికి ఈ వృత్తి ప్రవేశాన్ని డిగ్రీ స్థాయికి తెచ్చింది. అమెరికా రిజిస్ట్రీ 2015 నుంచి కనీసం రెండేళ్ల కళాశాల పట్టా ఉండాలన్నది. తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ బైపీసీ తరువాత చేరే రెండేళ్ల డిప్లొమా, ఆపై ఆరోగ్య విశ్వవిద్యాలయాల అనుబంధ కళాశాలల్లో ఇంటర్న్‌షిప్‌తో కూడిన బీఎస్సీ పక్కపక్కనే నడుస్తున్నాయి.

డిగ్రీ అవసరం కావడానికి మరో కారణాన్ని డిజిటల్ పరికరాలు తెచ్చిపెట్టాయి. ఫిల్ము కాలంలో కిరణాలు ఎక్కువైతే చిత్రం నల్లబడి తప్పు వెంటనే బయటపడేది. డిజిటల్ యంత్రం ఆ ఎక్కువను కంప్యూటర్‌లో సరిదిద్ది అందమైన చిత్రాన్నే ఇస్తుంది, రోగికి తగిలిన అదనపు మోతాదు మాత్రం ఎవరి కంటా పడదు. ఛాతీ చిత్రం తీసేటప్పుడు రోగిని గొట్టానికి వీపు చూపేలా 180 సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టి, భుజాలను ముందుకు తిప్పించి, గాలి పీల్చి బిగబట్టమనడం ఎవరైనా నాలుగు రోజుల్లో నేర్చుకోగలరు. దూరం పెరిగితే గుండె నీడ అనవసరంగా పెద్దది కాదని, భుజాలు తిప్పితే రెక్క ఎముకలు ఊపిరితిత్తుల మీద నుంచి తప్పుకుంటాయని తెలిసినవారే రోగి నిలబడలేనప్పుడు మరో మార్గం వెతకగలరు. కనిపించని తప్పును పట్టుకోవడానికి చదువు తప్ప వేరే సాధనం లేదు.

భారతదేశంలో చట్టం ఈ దారిలో ఆలస్యంగా నడిచింది. అణుశక్తి నియంత్రణ మండలి 1983లో ఏర్పడగా, రేడియేషన్ రక్షణ నియమాలు 2004లో వచ్చాయి. ఎక్స్‌రే గదిలో పనిచేసేవారు మోతాదును కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ధరించాలి, ఐదేళ్ల సగటున వారికి ఏడాదికి 20 మిల్లీసీవర్టులు మించి సోకరాదు. చదువు విషయంలో దేశమంతటికీ ఒకే చట్టం 2021లో గాని రాలేదు. అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్‌ను ఏర్పరచిన ఆ చట్టం సహాయక స్థాయికి కనీసం 2,000 గంటల చదువును, పూర్తి స్థాయి వృత్తి నిపుణుడికి కనీసం 3,600 గంటల డిగ్రీని నిర్దేశించింది. రాష్ట్రాలు తమ కౌన్సిళ్లను ఏర్పాటు చేయడంలో జాప్యం చేయగా, చట్టాన్ని అమలు చేయవలసిందిగా 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది.