కంబాలకొండ నీడన ముసలి సింహాలు

విశాఖపట్నం చరిత్ర రాసేవారు 1933లో తెరుచుకున్న ఓడరేవు గురించి రాస్తారు. 1942 ఏప్రిల్‌లో పడిన జపాను బాంబుల గురించి, ఉక్కు కర్మాగారం కోసం జరిగిన ఉద్యమం గురించి రాస్తారు. రాయవలసినవే. అయితే ఇదే ఊళ్ళో, కంబాలకొండ అడవి అంచున, సర్కసుల నుంచి విడిపించిన సింహాలూ పులులూ వచ్చి ముసలివై కన్నుమూసిన చరిత్ర కూడా ఒకటి ఉంది. దాన్ని అక్షరాల్లో పెట్టినవారు చరిత్రకారులు కారు, పశువైద్యులు. వారి రాత చికిత్స రిజిస్టర్లలోనూ పోస్టుమార్టం నివేదికల్లోనూ ఉంటుంది కనుక సాహిత్యాభిమానుల కంటబడే అవకాశం లేదు.

నాకు ఈ విషయం మీద ఆసక్తి కలగడానికి కారణం ఒక పాత చప్పట్ల చప్పుడు. చిన్నప్పుడు మా ఊరి మైదానంలో సర్కసు డేరా వేశారు. సింహం నిప్పుల చక్రంలోంచి దూకింది. మరొక సింహం నోట్లో మాస్టారు తల పెట్టాడు. నేను అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను. ఆ మనిషి ధైర్యానికి నోరు తెరిచానే గాని, తెరిచిన సింహం నోట్లో కోరపళ్ళు సరిగా ఉన్నాయా అని చూడాలని తోచలేదు. కొన్ని సర్కసుల్లో గోళ్ళు పీకించడం, పళ్ళు అరగదీయించడం మామూలేనని చాలా ఏళ్ళకు చదివాను.

పశువైద్యం మన దేశానికి కొత్త కాదు. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని అశోకుడు తన రెండవ శిలాశాసనంలో చెప్పుకున్నాడు. ఆ శాసనం కర్నూలు సీమలోని ఎర్రగుడిలో ఉంది, గంజాం జిల్లా జౌగడలోనూ ఉంది. పాలకాప్యుడి పేర హస్త్యాయుర్వేదం, శాలిహోత్రుడి పేర అశ్వశాస్త్రం వెలిశాయి. తెలుగులో మనుమంచిభట్టు హయలక్షణసారము ఉండనే ఉంది. ఇవన్నీ గొప్ప గ్రంథాలే. కాని ఒక సంగతి గమనించండి. అన్నీ మనిషి చెయ్యి వేసి నిమరగల జంతువుల మీదివే, రాజుగారి సైన్యానికి పనికివచ్చే జంతువుల మీదివే. పులికి వైద్యశాస్త్రం ఎవరూ రాయలేదు. రాజులకు పులితో ఉన్న పని వేట ఒక్కటే, వేటగాడికి పులి శరీరం తెలిసేది అది చచ్చాకనే.

చెయ్యి వేయలేని రోగికి వైద్యం ఎలా చెయ్యడం? ఈ ప్రశ్నకు సమాధానం దొరికి డెబ్భై ఏళ్ళయినా కాలేదు. న్యూజిలాండులో మందుల దుకాణం నడిపిన కోలిన్ మర్డాక్ అనే ఆయన 1950ల చివరలో, మందు నింపిన సూదిని దూరం నుంచి పేల్చే తుపాకీని రూపొందించాడు. తుపాకీ వచ్చింది సరే, అందులో నింపడానికి తగిన మందు కావాలి. 1962లో అమెరికాలో కెటమిన్ తయారయింది, అది మనుషుల శస్త్రచికిత్సల కోసం. అదే ఏడు జర్మనీలో బేయర్ కంపెనీవారు రక్తపోటుకు మందు వెతుకుతూ జైలజీన్ దగ్గర ఆగారు. మ్యూనిక్ నగరంలోని హెల్లాబ్రున్ జంతుప్రదర్శనశాలవారు ఈ రెండిటినీ కలిపి వాడారు. ఆ మిశ్రమానికి ఆ జూ పేరే స్థిరపడింది. ఏనుగుల వంటి వాటికి ఎటార్ఫిన్ అనే మరో మందు ఉంది. మార్ఫిన్‌కు వెయ్యి రెట్లకు పైగా తీక్షణమైనది. పొరపాటున ఒక బొట్టు వైద్యుడి ఒంట్లోకి పోతే ఆయన ప్రాణానికే ముప్పు. అందుకని దాని విరుగుడును పక్కనే సిద్ధంగా ఉంచుకుని గాని ఆ సీసా మూత తీయరు.

ఈ సరంజామా అంతా ప్రపంచంలో కుదురుకుంటున్న రోజుల్లోనే విశాఖలో జూ వెలిసింది. 1977 మే 19న ప్రజలకు తెరిచిన ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాల విస్తీర్ణం 625 ఎకరాలు. ఒక గేటు జాతీయ రహదారి వైపు, మరొకటి సాగర్ నగర్ దగ్గర సముద్రం వైపు. మధ్యలో తూర్పు కనుమల కొండలు. హైదరాబాదు జూ అప్పటికే పద్నాలుగేళ్ళ పాతది. కాని ఇక్కడి పరిసరం వేరు. విశాఖ ఎండకు ఉప్పుగాలి ఉక్క తోడవుతుంది. మత్తులో ఉన్న జంతువు తన ఒంటి వేడిని తాను అదుపు చేసుకోలేదు. కనుక మత్తుసూది పని ఏదున్నా తెల్లవారుజామునే ముగించుకోవడం మేలు.

ఆ తరువాత చట్టం కదిలింది. 1991 సవరణతో వన్యప్రాణి సంరక్షణ చట్టంలో జంతుప్రదర్శనశాలల అధ్యాయం చేరింది, 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడింది. ఎలుగు, కోతి, పులి, చిరుత, సింహం - ఈ అయిదింటితో ఆటలాడించకూడదని 1998 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ప్రకటించింది. సర్కసులవారు కోర్టుకెక్కారు. 2000లో కేరళ హైకోర్టు, 2001లో సుప్రీం కోర్టు ప్రభుత్వం పక్షానే నిలిచాయి. (ఏనుగు ఆ జాబితాలో లేదు. ఎందుకు లేదో ఊహించడం కష్టం కాదు, ఏనుగు లేని సర్కసుకు ఎవరు వస్తారు?)

తీర్పు చెప్పడం ఒక్క పూట పని. ఆ తీర్పుతో బోను దిగిన సింహాన్ని ఎక్కడ పెట్టాలి? బోనులోనే పుట్టి పెరిగినదాన్ని అడవిలో వదలడానికి లేదు. అలా దేశంలో కొన్నిచోట్ల పునరావాస కేంద్రాలు కట్టవలసి వచ్చింది. మన రాష్ట్రంలో విశాఖకూ తిరుపతికీ ఆ బాధ్యత పడింది. లారీలమీద బోనులు వచ్చాయి. విశాఖ జూకు అనుబంధంగా ఏర్పడిన ఆ కేంద్రం ప్రదర్శన కోసం కాదు, అక్కడ టిక్కెట్టు లేదు, సందర్శకులకు ప్రవేశం లేదు. ఊళ్ళో చాలామందికి అది ఉన్నదనే తెలియకపోవడానికి కారణం అదే.

అక్కడి వైద్యుడి పరిస్థితి విచిత్రమైనది. జూ వైద్యుడి గొప్పతనాన్ని లోకం పుట్టిన పిల్లలను బట్టి లెక్కిస్తుంది. పులి నాలుగు కూనలను పెడితే పత్రికలో ఫొటో పడుతుంది. పునరావాస కేంద్రంలో ఆయన మొదటి విధి పిల్లలు పుట్టకుండా చూడడం. సర్కసు సింహాల్లో చాలావాటిది సంకర సంతతి. ఆఫ్రికా సింహాన్నీ గిర్ సింహాన్నీ తరాల తరబడి కలగలిపేసిన ఫలితం అది. 1987లో స్టీఫెన్ ఒబ్రయన్ బృందం రక్తపరీక్షలతో ఈ కల్తీని బయటపెట్టింది. అమెరికాలో శుద్ధమైన ఆసియా సింహాలనుకుని ప్రేమగా పెంచినవాటి పూర్వీకుల్లోనే ఆఫ్రికా రక్తం తేలింది. సంకర సింహం గిర్‌కు పనికిరాదు, ఆఫ్రికాకూ పనికిరాదు. కనుక ఆ వంశం ఇక్కడితో ఆగిపోవాలి, కాని ఆ జీవి మాత్రం సుఖంగా బతకాలి. రెండూ ఒకే వైద్యుడు చూడాలి.

వంశం ఆపడంలోనూ మెలకువలున్నాయి. మగ సింహానికి వృషణాలు తీసేస్తే కొద్ది నెలల్లో జూలు రాలిపోతుంది, ఆ జూలు నిలిచేది పురుష హార్మోను మీదనే. అందుకని నాళం మాత్రం కత్తిరించే వాసెక్టమీ మేలన్నారు. ఆడవాటికి చర్మం కింద హార్మోను గుళిక అమర్చే పద్ధతి ప్రపంచంలో చాలా జూలు వాడాయి. ఏళ్ళు గడిచాక ఆ ఆడపులులకూ సింహాలకూ గర్భాశయంలోనూ పొదుగుల్లోనూ పుండ్లు, కంతులు కనబడ్డాయి. ఆడా మగా వేరుచేసి ఉంచడం క్షేమమే, కాని సింహం గుంపులో బతికే జంతువు. ఏది ఎంచుకున్నా ఏదో ఒకటి పోగొట్టుకోవలసిందే.

ఇక అసలు శత్రువు ముసలితనం. అడవిలో సింహం ముసలిది కాదు, కానిచ్చే వాళ్ళు ఉండరు. బోనులో పద్దెనిమిది, ఇరవై ఏళ్ళు బతుకుతుంది. గట్టినేల మీద గంతులేసిన కీళ్ళు అరిగిపోతాయి, వెన్నెముక బిగుస్తుంది, మూత్రపిండాలు మెల్లగా చేతులెత్తేస్తాయి. పైగా మాంసాహారి తన జబ్బును దాచుకుంటుంది, జబ్బు కనబడితే తోటిది మీద పడుతుందన్న భయం దాని రక్తంలో ఉంది. వైద్యుడికి దొరికే ఆధారాలు పొద్దుటి పేడ, తినకుండా వదిలిన మాంసం ముక్క, నీళ్ళ తొట్టి దగ్గరకు మామూలు కన్నా ఎక్కువసార్లు వెళ్ళడం. ఆ మార్పును మొదట పట్టేది చాలాసార్లు డాక్టరు కాదు, రోజూ మాంసం పెట్టే కాపరి. అతని మాట చెవిని పెట్టని వైద్యుడు ఆ కొలువులో నెగ్గలేడు.

రక్తం తీసి చూద్దామంటే మత్తివ్వాలి. మత్తులోని కెటమిన్‌ను పిల్లిజాతి జంతువు చాలావరకు మూత్రపిండాల గుండానే బయటకు పంపాలి. ఆ మూత్రపిండాలే చెడ్డాయేమోనని కదా అనుమానం! పరీక్షే ప్రాణం తీయవచ్చు, పరీక్ష లేనిదే మందు తెలియదు. ఒక గోడ జరుగుతూ వచ్చి జంతువును కదలకుండా నిలబెట్టే బోను కొంత సాయం. కీళ్ళ నొప్పికి మందిస్తే మళ్ళీ అది మూత్రపిండాల మీదనే పడుతుంది. అటువంటి నొప్పి మందుల్లో ఒకటైన డైక్లోఫెనాక్ మన రాబందులను దాదాపు తుడిచిపెట్టిందని 2004లో తేలింది, 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. అక్కడ కూడా చెడింది మూత్రపిండమే.

ఆ జంతువులు వస్తున్న రోజులు కూడా మంచివి కావు. 2000 జూలైలో భువనేశ్వర్ పక్కన నందన్‌కానన్‌లో కొద్ది రోజుల్లో డజను పులులు చచ్చిపోయాయి. విశాఖలో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి చేరే దూరం. వ్యాధి సర్రా. 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ డేరా ఇస్మాయిల్ ఖాన్ దగ్గర గుర్రాల, ఒంటెల రక్తంలో చూసిన సూక్ష్మజీవే దానికి కారణం. మోసుకొచ్చేవి జోరీగలు. నూట ఇరవై ఏళ్ళుగా తెలిసిన జబ్బే, అయినా బోనుల్లోని పులులను కాపాడలేకపోయాం. వాన కురిసినప్పుడల్లా జోరీగల మీద కన్నేసి ఉంచడం తూర్పు తీరంలోని ప్రతి జూ వైద్యుడికీ ఆ ఏడు నేర్పిన పాఠం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను సరిగ్గా విశాఖ మీదనే తీరం దాటింది. జూలో చెట్లు కూలాయి, గోడలు పడ్డాయి. నగరానికే రోజుల తరబడి కరెంటూ నీళ్ళూ లేవు. అంతటి గాలి ఎరగని ముసలి పిల్లులకు ఆ రాత్రి ఎలా గడిచిందో! 2021 మేలో హైదరాబాదు జూలో ఎనిమిది సింహాలకు కోవిడ్ సోకిందని ప్రయోగశాల తేల్చినప్పుడు, కాపరులకూ సింహాలకూ మధ్య గాలి ఒక్కటేనన్న సంగతి అందరికీ గుర్తొచ్చింది.

చివరికి పోస్టుమార్టం. బతికుండగా ముట్టనివ్వని రోగిని వైద్యుడు మొదటిసారి నింపాదిగా తాకేది అప్పుడే. తమిళనాడు అటవీశాఖలో ఏనుగుల వైద్యుడు వి. కృష్ణమూర్తి, అడవిలో చచ్చిన ఏనుగును పరీక్షించనిదే పూడ్చకూడదని పట్టుబట్టి, కుళ్ళిన కళేబరాల్లోనూ చేతులు పెట్టి కారణాలు వెతికారు. ఆయన మీద జయమోహన్ తమిళంలో గొప్ప కథ రాశారు. విశాఖ పశువైద్యుల మీద అటువంటి కథ నా కంటబడలేదు. పోస్టుమార్టం అయ్యాక చర్మం, గోళ్ళు, పళ్ళు దొంగలపాలు కాకుండా సాక్షుల ఎదుట దహనం చేస్తారు.

లెక్క వేస్తే, 1998లో పుట్టిన సర్కసు కూన ఎంత బాగా చూసుకున్నా 2018 ప్రాంతానికి కాలం చేసి ఉండాలి. బోనులు ఒక్కొక్కటే ఖాళీ కావాలనే కదా ఆ ఏర్పాటు. కిందటి దశాబ్దంలో ఒక చలికాలం సాయంత్రం, జూ మూసే వేళకు, సాగర్ నగర్ గేటు బయట బస్సు కోసం నిలబడి ఉండగా కొండల వైపు నుంచి ఒక గర్జన వినబడింది. పొడవుగా మొదలై, మధ్యలో దగ్గులా విరిగి ఆగిపోయింది. ప్రదర్శన సింహానిదో, లోపల ఉన్న ముసలిదానిదో చెప్పలేను. పక్కన నిలబడిన పిల్లవాడు చప్పట్లు కొట్టాడు. వాడి చెయ్యి పట్టుకుని ఆపుదామనుకున్నాను గాని, అంతలో బస్సు వచ్చింది.