రాతికి జవాబిచ్చిన పాట

హాంబుర్గ్‌లో డామ్‌టోర్ రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో ఒక పెద్ద రాతి దిమ్మె ఉంది. నాజీల ఏలుబడిలో, 1936లో, 76వ పదాతి రెజిమెంటు జ్ఞాపకార్థం కట్టింది. చుట్టూ నిలువెత్తు సైనికులు బారులు తీరి నడుస్తుంటారు. శిల్పి రిషార్డ్ క్యూల్ ఆ ముఖాల్లో ఒక్కటైనా గుర్తుండేలా చెక్కలేదు, బహుశా చెక్కదలచుకోలేదు. దాని మీది అక్షరాలు బాయిలర్లు చేసే కార్మికుడు హైన్రిష్ లెర్ష్ 1914లో రాసిన కవితలోవి. మేం పోయినా సరే, జర్మనీ బతకాలి అన్నది వాటి సారం.

స్లైమ్ అనే పంక్ బ్యాండు కథ ఎవరడిగినా నేను ఈ దిమ్మె దగ్గరే మొదలుపెడతాను. బ్యాండు 1979లో ఈ ఊళ్లోనే పుట్టింది. డిర్క్ యోరాది గొంతు, అందరూ ‘ఎల్ఫ్’ అని పిలిచే మిషాయెల్ మేయర్‌ది గిటారు. 1981లో వచ్చిన మొదటి ఎల్పీలో ఒక పాట లెర్ష్ మాటను తలకిందులు చేసింది: మేం బతకాలి, చావాల్సింది దేశమే అని. త్యాగరాజ కృతులు వింటూ పెరిగిన నాకు అది పాటలా కాదు, వీధి తగాదాలా వినిపిస్తుంది. లా చదివినవాణ్ని కనక ముందు ఈ పాట మీద వచ్చిన కోర్టు తీర్పు చదివి, ఆ తర్వాతే పాట వెతుక్కున్నాను.

1984కల్లా బ్యాండు విడిపోయింది. 1990లో మళ్లీ కలిశారు. రోస్టాక్‌లో వియత్నాం కార్మికులు ఉండే భవనాన్ని గుంపు తగలబెడుతుంటే జనం చప్పట్లు కొట్టిన సంవత్సరం 1992. ఆ ఏడే మోల్న్‌లో, మరుసటేడు సోలింగెన్‌లో తుర్కీ కుటుంబాల ఇళ్లకు నిప్పు పెట్టారు. వాటికి జవాబుగా 1994లో ‘ష్వైనెహెర్బ్‌స్ట్’ ఆల్బమ్ తెచ్చి, ఆ ఏడే మళ్లీ విడిపోయారు. మా రంగువాళ్లకు ఆ ఆల్బమ్ గోల కొంచెం తక్కువ గోలగా వినిపిస్తుంది.

అసలు విశేషం బ్యాండు లేని కాలంలో జరిగింది. ఆ పాత పాటను ఒక నిరసన ప్రదర్శనలో లౌడ్‌స్పీకర్లో వినిపించినందుకు బెర్లిన్‌లో ఒకతని మీద కేసు పెట్టారు. పాడినవాళ్ల మీద కాదు, వినిపించినవాడి మీద! రాజ్యాన్ని కించపరచడం జర్మన్ శిక్షాస్మృతి 90ఎ సెక్షన్ కింద నేరం. కింది కోర్టులు శిక్ష వేశాయి. వ్యవహారం కార్ల్‌స్రూహెలోని రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది.

2000 నవంబరు 3న ఆ కోర్టు శిక్ష రద్దు చేసింది. ఆధారం రాజ్యాంగం 5వ అధికరణంలోని కళాస్వేచ్ఛ. నాకు నచ్చింది ఫలితం కన్నా అక్కడికి చేరిన దారి. పాట ఎంత మొరటుగా ఉన్నా దాన్ని కవితగా చదవాలన్నారు. అతిశయోక్తిని అతిశయోక్తిగానే తీసుకుని, ఏ రాతి మీది మాటకు అది బదులో చూశారు. పోలికకు పక్కన కవి హైనేను కూడా నిలబెట్టారు. 1844లో సైలీషియా నేతగాళ్లు తిరగబడ్డప్పుడు హైన్రిష్ హైనే రాసిన కవితలో వాళ్లు దేవుణ్నీ రాజునూ దేశాన్నీ శపిస్తూ జర్మనీకి శవవస్త్రం నేస్తారు. ప్రష్యా అప్పట్లో దాన్ని నిషేధించింది, ఇప్పుడది బడిపిల్లల పాఠం. అభిమానులు గెంతుతూ పాడుకునే పాటను ఇంత ఓపికగా చదివింది నల్లకోట్లవాళ్లు కాదు, ఎర్రంగీలవాళ్లు. అక్కడి జడ్జీల అంగీలు ఎరుపు.

ఇక హాంబుర్గ్ నగరపాలకులు ఆ రాతి దిమ్మెను కూల్చలేదు. ఎదురు స్మారకం చెక్కమని 1980లలో శిల్పి ఆల్ఫ్రెడ్ హ్రడ్లిచ్కాకు అప్పగించారు. అనుకున్న నాలుగు భాగాల్లో రెండే పూర్తయ్యాయి, ఖర్చు దగ్గర పేచీ వచ్చింది. 2015లో సైన్యం వదిలి పారిపోయినవాళ్లకూ ఆ పక్కనే స్మారకం వెలిసింది.

స్లైమ్ మూడోసారి కలిసి, 2012లో ఏరిష్ మ్యూజామ్ కవితలకు గిటార్లు కట్టింది. మ్యూజామ్‌ను నాజీలు 1934లో ఓరానియెన్‌బుర్గ్ నిర్బంధ శిబిరంలో చంపేశారు. 2020లో యోరా తప్పుకున్నాడు. వీధుల్లో పాడుకుని బతికిన టెక్స్ బ్రాస్కెట్ వచ్చాడు, 2022లో అతని గొంతుతో ‘త్స్వై’ ఆల్బమ్ విడుదలైంది. రెండు పాటల దాకా విన్నాను. పాత కోపానికి కొత్త గొంతు బాగానే అతికింది, గోల మాత్రం ఏమీ తగ్గలేదు.