లుబెరాన్ కొండ గ్రామాలు

లుబెరాన్ కొండ గ్రామాలు ఫ్రాన్సు దేశపు ఆగ్నేయ భాగమున, ప్రోవాన్స్ ప్రాంతములోని వోక్లూజ్ జిల్లాలో, లుబెరాన్ కొండల వాలులపైనను, వాటికెదురుగా ఉన్న గుట్టలపైనను మధ్యయుగములో వెలసిన గ్రామాలు. గోర్డ్, రూసియాన్, బోనియో, లాకోస్త్, మెనెర్బ్, పాత ఒపేడ్ వీటిలో ముఖ్యమైనవి. ఇటువంటి గ్రామాన్ని ఫ్రెంచివారు 'విలాజ్ పెర్షే' అంటారు. పక్షి కొమ్మపై వాలినట్లు కొండపై వాలిన ఊరు అని దీని భావము.

ఉనికి

లుబెరాన్ పర్వతశ్రేణి తూర్పు పడమరలుగా వ్యాపించి ఉన్నది. దీని ఎత్తైన శిఖరము మూర్ నేగ్ర్ (1,125 మీటర్లు). 1977లో ఈ ప్రాంతము ప్రాంతీయ ప్రకృతి ఉద్యానవనముగా ఏర్పడినది. సంవత్సరములో అధికభాగము ఎండ కాస్తుంది కాని, ఉత్తరము నుండి వీచే 'మిస్త్రాల్' అను చలిగాలి చాలా తీవ్రమైనది. పాతకాలపు ఇండ్లకు ఉత్తరపు గోడలో కిటికీలు తక్కువగా ఉండుటకు కారణమిదే.

చరిత్ర

దోపిడీల నుండి, యుద్ధాల నుండి రక్షణకొరకు జనులు కొండలెక్కి, కోట చుట్టూ ఇండ్లు కట్టుకున్నారు. సాగుభూమి, నీరు మాత్రము దిగువనే ఉండెను. కనుక రైతులు ప్రతిదినము దిగి ఎక్కవలసి వచ్చేది. నేటి సందర్శకులు మెచ్చుకునే ఆ మెట్లదారులు అప్పటివారికి నిత్యశ్రమ.

1274 నుండి 1791 వరకు పక్కనున్న కొంతా వెనెసాన్ ప్రాంతము పోపుల పాలనలో ఉండెను. బోనియో పోపులది, ఎదుటి కొండపైనున్న లాకోస్త్ ప్రోవాన్స్‌ది. సంస్కరణవాద క్రైస్తవులైన వాల్డెన్సీయులు ఈ కొండలలో పెద్ద సంఖ్యలో నివసించేవారు. 1545 ఏప్రిల్‌లో రాజు మొదటి ఫ్రాన్సువా అనుమతితో, ఎక్స్ న్యాయసభాధ్యక్షుడైన ఒపేడ్ ప్రభువు జాన్ మేనియే సేనలను నడిపి మెరెండాల్, లాకోస్త్ మొదలైన గ్రామాలను నాశనము చేయించాడు. అనేకులు హతులైరి, ఎందరినో ఓడలలో తెడ్లు వేయు బానిసలుగా పంపారు. తరువాత పారిస్‌లో జరిగిన విచారణలో మేనియే నిర్దోషిగా విడుదలయ్యాడు. నేటి పర్యాటక కరపత్రాలలో లావెండరు తోటలకున్నంత చోటు ఈ ఘటనకు దొరకదు.

19వ శతాబ్దము నుండి జనులు మైదానమునకు దిగసాగారు. ఒపేడ్ గ్రామస్థులు కింద కొత్త ఊరు కట్టుకొనగా, పాత ఒపేడ్ చాలావరకు శిథిలమైనది.

ముఖ్య గ్రామాలు

గోర్డ్‌లోని కోట 1525లో పునర్నిర్మితమైనది. 1944 ఆగస్టులో జర్మను సేనలు ఈ గ్రామమును ధ్వంసము చేశాయి. సమీపమున సున్నము లేకుండా రాళ్ళు పేర్చి కట్టిన 'బోరీ' గుడిసెలు, 1148లో స్థాపితమైన సెనాంక్ మఠము ఉన్నాయి. మఠములో సన్యాసులు ఇప్పటికీ నివసిస్తున్నారు.

రూసియాన్ ఎరుపు, పసుపు వన్నెలు గల ఓకర్ మట్టికి ప్రసిద్ధి. ఇది మన జేగురు వంటిదే. 18వ శతాబ్దపు చివర ఈ మట్టితో రంగుల పరిశ్రమ మొదలైనది. నాటక రచయిత సామ్యూల్ బెకెట్ 1942లో నాజీల నుండి తప్పించుకుని ఇక్కడ తలదాచుకున్నాడు. లాకోస్త్‌లో మార్క్విస్ ద సాద్ కోట శిథిలాలను వస్త్ర రూపకర్త పియేర్ కార్దాన్ 2001లో కొన్నాడు. మెనెర్బ్ నేపథ్యముగా పీటర్ మేల్ రచించిన 'ఎ ఇయర్ ఇన్ ప్రోవాన్స్' (1989) వెలువడిన తరువాత ఈ ప్రాంతమునకు సందర్శకుల తాకిడి బాగా పెరిగినది. ఇండ్ల ధరలు పెరిగి, అనేక గృహములు ధనికుల వేసవి విడిదులైనవి. అందువలన శీతకాలములో కొన్ని వీధులు మూసిన తలుపులతో కనిపిస్తాయి.

సందర్శన

దగ్గరలోని పెద్ద రైల్వే స్టేషను అవిన్యోన్. బస్సులు తక్కువ కాబట్టి కారు ఉపయోగకరము. దానిని ఊరి వెలుపలనే నిలపవలసి ఉంటుంది. లావెండరు జూన్ మధ్య నుండి జూలై మధ్య వరకు పూస్తుంది. వేసవిలో కార్చిచ్చు ప్రమాదమున్న రోజులలో అడవి దారులను మూసివేస్తారు. రూసియాన్ ఓకర్ దారిలో నడిచేవారు తెల్లని దుస్తులు, మంచి పాదరక్షలు ధరించకుండుట మేలు, ఆ రంగు సులభముగా వదలదు. ఆప్ట్ పట్టణములో ప్రతి శనివారము పెద్ద సంత జరుగుతుంది.