కంటోన్మెంట్ గోడ దాటిన రేడియో

సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వైపు వెళ్ళినా, శామీర్‌పేట వైపు వెళ్ళినా కాసేపు మిలిటరీ వాళ్ళ గోడ పక్కనే ప్రయాణం చేయాలి. తిరుమలగిరి, బొల్లారం, ఆ తర్వాత హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్. అటు మేడ్చల్ పక్కన దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, 1967లో జాకీర్ హుస్సేన్ రాష్ట్రపతిగా ఉన్నప్పుడు శంకుస్థాపన చేసింది. ఈ ప్రాంతంలో ఫ్లాటు కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ జనాలకి ట్రైనింగ్ విమానాల మోత అలవాటైపోయింది. గోడా అలవాటే, దాని మీద ముళ్ళ తీగా అలవాటే.

ఇంత మిలిటరీ మధ్యలో ఉంటూ కూడా మన చెవిన పడనిది ఒకటుంది. మిలిటరీ రేడియో స్టేషన్. సిగ్నల్స్ వాళ్ళు వాడే వైర్‌లెస్ సెట్ల గురించి కాదు నేను చెప్పేది. పాటలు, కబుర్లు, ఆటల స్కోర్లు వేసే మామూలు రేడియో, కాకపోతే నడిపేది సైన్యం. (2024 అక్టోబర్ 15న వికారాబాద్ దగ్గర దామగుండంలో రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేసిన నేవీ స్టేషన్ సంగతేంటి అంటారేమో. అది నీళ్ళలో మునిగి ఉన్న సబ్‌మెరైన్లకి సందేశాలు పంపే వీఎల్ఎఫ్ కేంద్రం. దాంట్లో పాటలు రావు :) ) జర్మనీలో, జపాన్‌లో, కొరియాలో అమెరికన్ సైనికులున్న చోటల్లా ఇలాంటి స్టేషన్లు దశాబ్దాలుగా ఉన్నాయి. 1806 నుంచీ కంటోన్మెంట్ ఉన్న సికింద్రాబాద్‌లో మాత్రం ఇవాళ అలాంటిదేమీ లేదు.

అయినా మన ముందు తరాల తెలుగువాళ్ళు ఒక మిలిటరీ స్టేషన్ వారసుణ్ణి ఏళ్ళ తరబడి, అదీ ఎంతో ఇష్టంగా విన్నారు. విన్నవాళ్ళలో చాలామందికి ఆ పుట్టుక సంగతి తెలియదంతే. ఆ కథ కొలంబోలో జరిగింది. దానికి ముందు మన ఊళ్ళో రేడియోకీ సైన్యానికీ జరిగిన పరిచయం చెప్పాలి.

హైదరాబాద్ సంస్థానానికి సొంత రేడియో ఉండేది, దక్కన్ రేడియో. 1935 ఫిబ్రవరి 3న నిజాం ప్రభుత్వం ఆధ్వర్యంలో మొదలైంది. ట్రాన్స్‌మిటర్ శక్తి 200 వాట్లు. అంటే ఇప్పుడు మన ఇళ్ళల్లో ఉండే మిక్సీ కంటే తక్కువ! మొదటి నుంచీ అక్కడ ఉర్దూదే రాజ్యం, తెలుగుకి దక్కింది కాస్త సమయం. 1948లో ఆ రేడియో పూర్తిగా రాజకీయమైపోయింది. సెప్టెంబర్ 13న భారత సైన్యం సంస్థానంలోకి వచ్చింది, 17న అంతా అయిపోయింది. ప్రధాని లాయక్ అలీ వీడ్కోలు మాటలు జనం విన్నది ఆ రేడియోలోనే. 23న నిజాం స్వయంగా రేడియోలో మాట్లాడారు. ఫర్మానాలతో పాలించిన మనిషి, చివరికి తన లొంగుబాటును సమర్థించుకోవడానికి మైకు ముందుకి రావాల్సొచ్చింది. ఆ తర్వాత జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నర్‌గా ఉన్నంత కాలం సంస్థానంలోని మిగతా శాఖల్లాగే ఈ స్టేషన్ కూడా మిలిటరీ పాలన కింద పనిచేసింది. 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసిపోయింది.

అంటే సైన్యం చెప్పుచేతల్లో ఉన్న రేడియో ఎలా ఉంటుందో హైదరాబాద్ ఒకసారి చూసింది. కానీ దాన్ని మిలిటరీ రేడియో అనలేం. అది సివిల్ స్టేషనే, పైన కూర్చున్నవాళ్ళు మారారు, అంతే. సైనికుల కోసమే పుట్టిన రేడియో లెక్క వేరు.

రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా, మలయా వైపు జపాన్‌తో పోరాడుతున్న మిత్రపక్షాల సైన్యాలకి సౌత్ ఈస్ట్ ఏషియా కమాండ్ అని ఒక కమాండ్ ఉండేది. దాని అధిపతి లార్డ్ మౌంట్‌బాటన్ (అవును, ఆయనే). 1944లో ఆయన తన హెడ్‌క్వార్టర్స్‌ని ఢిల్లీ నుంచి సిలోన్‌లోని క్యాండీకి మార్చాడు. అడవుల్లో, వానల్లో, మలేరియాతో ఉన్న సైనికుడికి ఇంటి పాట వినపడితే మనసు నిలబడుతుందని నమ్మినవాళ్ళలో ఆయనొకడు. అలా కొలంబో నుంచి రేడియో సియాక్ వచ్చింది. ఆ కమాండ్ పేరులోని పొడి అక్షరాలే స్టేషన్ పేరు. దాని కోసం ఎకల అనే చోట 100 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ పెట్టారు. దక్కన్ రేడియో మొదలైన 200 వాట్లతో పోలిస్తే 500 రెట్లు. తమాషా ఏంటంటే అది పూర్తిగా పనిలోకి దిగేసరికి 1946 వచ్చింది. అప్పటికే యుద్ధం అయిపోయింది, సైనికులు మూటాముల్లె సర్దుకుంటున్నారు. మన ప్రాజెక్టుల్లో కూడా ఇలా జరుగుతుంటుంది కదా, సర్వర్లు కొనేసరికి క్లయింటే ఉండడు!

1949లో బ్రిటిష్ వాళ్ళు ఆ సరంజామా మొత్తం సిలోన్ ప్రభుత్వానికి అప్పగించారు. అదే రేడియో సిలోన్ అయింది. 1950లో కమర్షియల్ సర్వీసు మొదలైంది. ఇప్పుడు ఆ చిన్న ద్వీపం చేతిలో ఆసియా అంతా వినపడే ఒక గొంతు ఉంది. చెప్పాల్సిన కబుర్లు మాత్రం అంత లేవు. షార్ట్‌వేవ్ గుణం మీకు తెలిసిందే. తరంగం పైకి వెళ్ళి ఐనోస్ఫియర్‌కి తగిలి వందల మైళ్ళ అవతల దిగుతుంది. మధ్యలో సముద్రం ఉన్నా, సరిహద్దు ఉన్నా దానికి పట్టింపు లేదు. బర్మా అడవుల్లోని సిపాయి కోసం కట్టిన ట్రాన్స్‌మిటర్ నుంచి పాటలు వచ్చి గుంటూరులో, వరంగల్‌లో, సికింద్రాబాద్‌లో దిగాయి.

సరిగ్గా అదే సమయంలో మన వైపు ఇంకో విచిత్రం జరిగింది. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ గారికి సినిమా పాటలంటే గిట్టదు. శాస్త్రీయ సంగీతం వినిపించి జనాన్ని బాగు చేద్దామనుకున్నారు. ఆలిండియా రేడియోలో సినిమా పాటలకి కోత పడింది, నిర్మాతలతో గొడవ ముదిరి అసలుకే దాదాపు మాయమయ్యాయి. జనం ఏం చేశారు? కొలంబో వైపు ముల్లు తిప్పారు. 1952 డిసెంబర్‌లో అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా మొదలైంది. బొంబాయిలో రికార్డు చేసి టేపులు విమానంలో కొలంబో పంపేవాళ్ళు, అక్కడి నుంచి మళ్ళీ మన ఇళ్ళకి. హిందీతో ఆగలేదు. మధ్యాహ్నం పూట తెలుగు పాటలు కూడా వచ్చేవి. మీనాక్షి పొన్నుదొరై గారి గొంతు ఆ తరం వాళ్ళని అడిగి చూడండి, ముఖాలు వెలిగిపోతాయి. మన పాటలు వినడానికి మనం సముద్రం అవతలి స్టేషన్ పట్టుకోవాల్సి రావడం ఏమిటో! పైగా రేడియో ఉంటే పోస్టాఫీసులో లైసెన్సు ఫీజు కట్టాలి, 1980ల దాకా. ఫీజు ఢిల్లీకి, చెవులు కొలంబోకి.

అయిదేళ్ళు పోయాక ఢిల్లీ దిగొచ్చింది. 1957 అక్టోబర్ 3న వివిధభారతి పుట్టింది. దాని పుట్టుకకి కళాపోషణ కారణమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వెళ్ళిపోయిన శ్రోతల్ని వెనక్కి తెచ్చుకోవడానికే పెట్టారు. ఆ శ్రోతల్ని లాక్కున్నది ఒకప్పటి సైన్యపు ట్రాన్స్‌మిటర్. ఇక ఆ వివిధభారతిలో బాగా పేరొచ్చిన కార్యక్రమాల్లో ఒకటి జయమాల, సాయంత్రం పూట ఫౌజీ సోదరుల కోసం పాటలు! శనివారం సినిమా వాళ్ళు వచ్చి సైనికులతో మాట్లాడేవాళ్ళు. సైనికుల కోసం అన్నారు గానీ విన్నది దేశమంతా. సరిహద్దులో ఉన్న కొడుకు ఇదే పాట వింటున్నాడేమో అని వినే తల్లి ఒక రకం శ్రోత, ఊరికే పాట కోసం వినే కాలేజీ కుర్రాడు ఇంకో రకం.

ఇలా పిలవకుండా వచ్చి వినేవాళ్ళని అమెరికన్ సైన్యం వాళ్ళు షాడో ఆడియన్స్ అంటారు. వాళ్ళ ఏఎఫ్ఎన్ 1943 జూలై 4న లండన్‌లో మొదలైంది. 1945 తర్వాత జర్మనీలో పాతుకుపోయింది. తమ సైనికులకి జాజ్, తర్వాత రాక్ అండ్ రోల్ వేశారు. జర్మన్ కుర్రకారు అదే పట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నారు. బ్రిటిష్ వాళ్ళ బీఎఫ్‌బీఎస్ అయితే గూర్ఖాల కోసం నేపాలీలో కూడా ప్రసారం చేస్తుంది. 'గుడ్ మార్నింగ్ వియత్నాం' సినిమా చూసినవాళ్ళకి ఇంకో సంగతి కూడా గుర్తుంటుంది, సైన్యపు రేడియోలో ఏ వార్త చదవాలో, ఏది చదవకూడదో పై ఆఫీసర్ చెప్తాడు. గోడ అవతలి శ్రోతకి పాట ఉచితం. వార్త మాత్రం వడకట్టి వస్తుంది.

మన దేశం ఈ దారిలో వెళ్ళలేదు. సైన్యానికి సొంత పత్రిక ఉంది. 1909లో ఫౌజీ అఖ్బార్‌గా మొదలైన సైనిక్ సమాచార్, తెలుగులో కూడా వెలువడింది. రేడియో మాత్రం ఆకాశవాణికే వదిలేశారు. సిపాయికి పాట వేసే పని కూడా సివిల్ స్టేషన్‌దే. నా మటుకు నాకు ఇది మంచి ఏర్పాటు అనిపిస్తుంది. పొరుగు దేశాల్లో తిరుగుబాటు చేసే ప్రతి జనరల్ మొదట రేడియో స్టేషన్‌కి ఎందుకు వెళ్తాడో చరిత్ర చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఈ దశాబ్దంలో ఆ ఏర్పాటు మెల్లగా మారుతోంది, అది పెద్దగా ఎవరి దృష్టికీ రాలేదు. కాశ్మీర్‌లోని సోపోర్‌లో సైన్యం రేడియో చినార్ అనే ఎఫ్ఎం స్టేషన్ పెట్టింది, 90.4 మీద. ఉత్తరాఖండ్‌లో జ్యోతిర్మఠ్ దగ్గర ఐబెక్స్ తరానా, 88.4 మీద. వీటి శ్రోతలు సైనికులు కాదు, అక్కడి పౌరులు. పాటలు, ఉద్యోగాల కబుర్లు, వాతావరణం, స్థానిక కుర్రాళ్ళే ఆర్జేలు. రేడియో సియాక్‌కి పూర్తిగా తలకిందులు. అక్కడ సిపాయి కోసం వేసిన పాటని పౌరుడు దొంగచాటుగా విన్నాడు. ఇక్కడ పౌరుడి కోసమే సైన్యం పాట వేస్తోంది. కొండల్లో మంచు కురిసి దారులు మూసుకుపోయే ఊళ్ళకి అలాంటి స్టేషన్ పనికొస్తుంది, కాదనను. కానీ 90.4 అనగానే నాకు ఇంకో ఊరు గుర్తొస్తుంది.

జహీరాబాద్ దగ్గర మాచనూరు. అక్కడి సంఘం రేడియో కూడా 90.4 మీదే. దళిత మహిళలు నడిపే ఈ స్టేషన్‌ని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ యునెస్కో సాయంతో 1990ల చివర్లోనే సిద్ధం చేసింది. లైసెన్సు లేదు. గాలిలోకి వదలడానికి వీల్లేక, ఆ ఆడవాళ్ళు పదేళ్ళపాటు కార్యక్రమాలు టేపుల మీద రికార్డు చేసి ఊరి సంఘాల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబర్ 15న గానీ ప్రసారం మొదలవలేదు. ఇంకా విడ్డూరం ఏంటంటే, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే చెప్పింది. క్రికెట్ ప్రసారాల కేసులో. ఆ తీర్పు ఇచ్చినవాళ్ళలో జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి మన తెలంగాణ మనిషే. ఆయన మాట మాచనూరు దాకా రావడానికి పదమూడేళ్ళు పట్టింది.

ఎందుకంత ఆలస్యం అంటే, చాలా ఏళ్ళు ప్రభుత్వం చెప్పిన కారణం భద్రత. 2006లో స్వచ్ఛంద సంస్థలకి కమ్యూనిటీ రేడియో తలుపు తెరిచినప్పుడు కూడా దరఖాస్తు హోం శాఖతో పాటు రక్షణ శాఖ గడప తొక్కాలని రాశారు. 100 వాట్ల స్టేషన్ అది! అయిదు పది కిలోమీటర్లు దాటని గొంతు. వార్తలు సొంతంగా చదవడానికి అనుమతి లేదు, మన ప్రైవేటు ఎఫ్ఎంలకే లేదు, ఆకాశవాణి వార్తలు తిరిగి వినిపించుకోవచ్చు, అంతే. జొన్నల గురించీ విత్తనాల గురించీ మాట్లాడుకునే ఆడవాళ్ళ విషయంలో ఇన్ని సంతకాలు కావాల్సొచ్చాయి.

మళ్ళీ మన వైపు వద్దాం. శామీర్‌పేట చుట్టుపక్కల నల్సార్ ఉంది, బిట్స్ క్యాంపస్ ఉంది, జీనోమ్ వ్యాలీ ఉంది. చెరువు కింద రైతులున్నారు, వెంచర్ల మధ్య మిగిలిపోయిన పాత ఊళ్ళున్నాయి. హైదరాబాద్ యూనివర్సిటీ వాళ్ళ బోల్ హైదరాబాద్ గచ్చిబౌలిలో ఉంది గానీ, కమ్యూనిటీ స్టేషన్ శక్తితో ఇంత దూరం రాదు. ఒక స్టేషన్‌కి సరిపడా కబుర్లు ఇక్కడే ఉన్నాయి. కంటోన్మెంట్‌లో సివిల్ వాహనాలకి రోడ్లు మూసిన గొడవ ఒక్కటే తీసుకున్నా, ఏళ్ళుగా రెండు వైపులా చెప్పుకోవాల్సింది చాలా ఉంది. గోడకి ఇవతలివాళ్ళు ఆ మాట అవతలికి చెప్పడానికి పిటిషన్లు, ధర్నాలు తప్ప ఏముంది?

ఇక్కడ ఎవరైనా ఒక స్టేషన్ పెడదామని ముందుకొచ్చారనుకుందాం. ఒక టవర్ కావాలి. టవర్ ఎక్కడ పెట్టాలన్నా సాక్ఫా అనే కమిటీ అనుమతి కావాలి, అందులో రక్షణ దళాలవాళ్ళు సభ్యులు. హకీంపేట, దుండిగల్ రన్‌వేలు పక్కనే ఉన్నాయి కాబట్టి విమానాల దారికి టవర్ అడ్డం రాకూడదు, అది న్యాయమైన అభ్యంతరమే, కొలిచి చెప్పొచ్చు. టవర్ ఎత్తు, రన్‌వేకి దూరం, ఫ్రీక్వెన్సీ, ఇవన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో పట్టే లెక్కలు. ఆ స్టేషన్‌లో ఏం మాట్లాడతారు అన్న కాలమ్ మాత్రం ఆ షీట్‌లో ఉండకూడదు.