ఉప్పు కాగితం చెరిపేసిన నంబరు

ఎనిమిదో తరగతిలో ఎన్‌సీసీలో చేరినప్పుడు నా చేతికిచ్చింది పాత త్రీ నాట్ త్రీ రైఫిల్. పేలకుండా చేసి, డ్రిల్లుకు మాత్రమే ఉంచినది. దాదాపు నాలుగు కిలోల బరువు. ఒకసారి తనిఖీకి ముందు రోజు, తళతళలాడాలని దాని చెక్కను ఉప్పు కాగితంతో రుద్ది వార్నిష్ పూశాను. మాస్టారు తిట్టలేదు. చెక్క ముందు కొసను వేలితో తడిమి, "ఇక్కడో నంబరుండాలి కదరా" అన్నారు. అంతే.

ఆ మాట విలువ ఇంజనీరునయ్యాక తెలిసింది.

బ్రిటిష్ సైన్యం 1907లో స్వీకరించిన లీ ఎన్‌ఫీల్డ్ మార్క్ 3 అది. కోల్‌కతా దగ్గరి ఇషాపూర్ ఫ్యాక్టరీలోనూ తయారైంది. మన సిపాయిలు రెండు ప్రపంచ యుద్ధాల్లో ఈ తరహా రైఫిళ్లే మోశారు. ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీ నాట్ త్రీకి లాంఛనంగా వీడ్కోలు పలికింది 2020 గణతంత్ర దినోత్సవాన!

ప్రతి రైఫిల్‌కూ ఒక నంబరుంటుంది. బాడీ మీద, బోల్టు మీద, చెక్క కొసన అదే నంబరు కొట్టేవారు. కారణం ఉంది. బోల్టును ఆ ఒక్క బాడీకే సరిపోయేలా చేత్తో సానపట్టి అమర్చేవారు. వేరే బోల్టు పెడితే తూటా వెనక ఉండాల్సిన ఖాళీ మారిపోవచ్చు, అది ప్రమాదం. అందుకే సేకర్తలు మొదట చూసేది నంబర్లు కలిశాయా అని.

వాళ్ల పద్ధతి మా పద్ధతికి పూర్తిగా విరుద్ధం. చెక్కను రుద్దరు, పల్చగా అవిసె నూనె పట్టిస్తారు. ఇనుముకు కొత్త రంగు వేయరు, తుప్పు పెరగకుండా నూనె తుడుస్తారు. పాత తూటాల ప్రైమర్ వదిలే లవణం చెమ్మను లాగి గొట్టాన్ని తినేస్తుంది కాబట్టి, కాల్చిన వెంటనే వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాస్తారు. చెక్క చీలకుండా ఇషాపూర్ పనివాళ్లు అడ్డంగా బిగించిన స్క్రూను కూడా తీయరు. ఆ మరమ్మతూ చరిత్రే.

మన దేశంలో లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోకూడదు. కనుక నా మక్కువ మ్యూజియం అద్దాల దగ్గరే ఆగిపోయింది. అక్కడ నిలబడ్డప్పుడల్లా నేను చెరిపేసిన ఆ నంబరే గుర్తొస్తుంది. అది ఏ సంవత్సరానిదో, ఎవరి భుజమెక్కిందో తెలుసుకునే దారి ఒకటి నా చేతుల్తోనే మూసేశాను.

స్వర్ణోత్సవాలకు బడికి రంగులు వేయిద్దామంటున్నారు, సంతోషం. పాత బల్లల మీద మనం చెక్కిన పేర్ల జోలికి మాత్రం ఉప్పు కాగితం రానివ్వకండి.