చిత్రాంగి పగ – సారంగధరుని కథ

మన తెలుగు నాటకాలలో కన్నీరు తెప్పించేవి చాలా ఉన్నాయి. వాటిలో సారంగధరుని కథకు ఒక ప్రత్యేకత ఉంది. ఆ కథను నడిపించేది నాయకుడు కాదు, అతనిపై పగబట్టిన చిత్రాంగి. ఈ సంగతి మన యువతీయువకులకు నాలుగు మాటలలో చెప్పాలని నా ప్రయత్నం.

కథ రాజమహేంద్రవరంలో జరుగుతుంది. రాజరాజనరేంద్రుని కుమారుడు సారంగధరుడు. రాజుగారి చిన్న భార్య చిత్రాంగి. ఒకనాడు సారంగధరుని పావురం ఆమె మేడపై వాలింది. దానికోసం అతడు వెళ్ళాడు. ఆమె అతనిపై మనసు పడింది. ఆమె తనకు తల్లితో సమానమని చెప్పి అతడు తిరస్కరించాడు. ఆ అవమానం పగగా మారింది. అతడే తనపై అత్యాచారానికి పూనుకొన్నాడని ఆమె రాజుతో చెప్పింది. రాజు విచారణ చేయలేదు. కొడుకు కాళ్ళు చేతులు నరకమని ఆజ్ఞాపించాడు. నిజం తెలిసేసరికి శిక్ష జరిగిపోయింది.

ఇందులో చిత్రాంగి కత్తి పట్టలేదు. ఒక్క అబద్ధం చెప్పింది, అంతే. ఆ అబద్ధానికి బలమిచ్చినది రాజుగారి తొందరపాటు. పగవారి మాట ఎంత పదునైనదైనా, వినేవాడు ఒక్క క్షణం ఆగితే కథ అక్కడే ఆగిపోతుంది.

ఇక చరిత్ర చూద్దాం. రాజరాజనరేంద్రుడు 11వ శతాబ్దపు వేంగీ చాళుక్య రాజు. నన్నయగారిచేత భారతం తెనిగింపజేసిన ప్రభువు ఆయనే. నిజ జీవితంలో ఆయనను వేధించినది సవతి సోదరుడు విజయాదిత్యుని వైరం. ఆయన కుమారుడు రాజేంద్రుడు 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడని పేరు పొందాడు. సారంగధరుడు మాత్రం జనుల కథలోని వాడే. అశోకుని కుమారుడు కుణాలుని కథలోనూ, గ్రీకుల హిప్పోలిటస్ నాటకంలోనూ ఇటువంటి సవతితల్లే ఉంది.

కొన్ని కథలలో ఒక సిద్ధుడు వచ్చి సారంగధరునికి కాళ్ళు చేతులు తిరిగి ఇస్తాడు. బళ్ళారికి చెందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) తమ "విషాద సారంగధర" నాటకాన్ని విషాదాంతంగానే ముగించారు. మంగళాంతమే మర్యాద అనుకొనే రోజులలో అది గొప్ప సాహసం. ఆయన సరస వినోదిని సభవారు 1891లో మద్రాసులో ఆడిన నాటకాలు చూసే పమ్మల్ సంబంధ మొదలియారు తమిళ నాటకరంగానికి పూనుకొన్నారు.

1860 నుండి 1911 వరకు గిర్మిట్టుపై నేటాల్ చేరిన మన పూర్వులకు ఇటువంటి తీర్పు కొత్తది కాదు. దొర మాట ముందు కూలివాని మాట చెల్లని కాలమది.

మా సాయంకాలపు తరగతిలో ఈ కథ చదివినప్పుడు ఒక అమ్మాయి అడిగింది: "ముసలి రాజుకు ఇచ్చి పెండ్లి చేసేటప్పుడు చిత్రాంగిని ఎవరైనా అడిగారా, మాస్టారూ?" మంచి ప్రశ్న. పెండ్లినాడు ఆమె మాట ఎవరూ వినలేదు. శిక్షనాడు అతని మాట ఎవరూ వినలేదు. ఆమె చేసిన పాపం దీనితో మాసిపోదు గాని, పగ ఎక్కడ మొలిచిందో తెలుస్తుంది.

ఇంట్లోగాని, బడిలోగాని, సంఘంలోగాని తీర్పు చెప్పే ముందు రెండు వైపులా వినడం మన ధర్మం. ఈ విషాద నాటకం మనకు నేర్పే పాఠం ఇదే.